చల్లదనమును కొనవచ్చునా?

రోహిణీకార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. గుంటూరులో నివసించువారికి ఈ సామెత అతిశయోక్తిగా తోపదు. ఉదయము పది గంటలు దాటినది మొదలు వీథులు నిర్మానుష్యములగును. పంకా తిరుగుచున్నను అది విసరునది వేడిగాలియే. గోడలు పగలెల్ల త్రాగిన యెండను రాత్రివేళ మరల వెడలగ్రక్కును. గడచిన వేసవి సెలవులలో నిట్టి యొకనాడు మా తాతగారును, తమ్ముడును, నేనును ఆ తాపమునకు తాళజాలక ఒక సినిమా హాలునకు మాటినీ ఆట చూడబోయితిమి. నిజము చెప్పవలెనన్న, చిత్రముపై మాకంత ఆసక్తి లేదు. ప్రకటన కాగితముపై నున్న 'ఏసీ' అను రెండక్షరములే మమ్ము పిలిచినవి.

ఇట్లు చల్లదనమునకై సినిమాకు పోవుట మాతోనే మొదలైనది కాదు. 1902వ సంవత్సరమున అమెరికాలో విల్లిస్ క్యారియర్ అను ఇంజనీరు గాలిలోని తేమను అదుపుచేయు యంత్రమును రూపొందించెను. అది మనుష్యుల సుఖమునకు గాక, ఒక ముద్రణాలయములో కాగితము తేమకు సాగకుండుటకై కల్పింపబడినది. 1925లో న్యూయార్కులోని రివోలీ థియేటరులో అతని యంత్రమును నెలకొల్పిరి. వేసవిలో వెలవెలబోవు హాళ్లు అటు పిమ్మట జనముతో నిండసాగెను. అది మొదలు సినిమా హాళ్లవారు బొమ్మతోపాటు చలువను కూడ అమ్ముచున్నారు.

మేము కొన్న చలువ అరగంట మాత్రమే నిలిచినది. తరువాత యంత్రమాగిపోయెను. వెలుతురు రాకుండుటకై తలుపులు మూసియుంచిరి. కదలక కూర్చున్న మనిషి శరీరము సుమారు నూరు వాట్ల విద్యుద్దీపమంత వేడిని వెలువరించును. అట్టి దీపములు కొన్ని వందలు ఒక మూసిన గదిలో వెలుగుచున్నట్లు తలపోయుడు! చెమట ఆరినప్పుడే దేహము చల్లబడును. అందరి ఊపిరితోను, చెమటతోను గాలి తేమబారినచో ఆ చెమట ఆరదు. తెరపై నాయకుడు మంచుకొండల నడుమ పాటలు పాడుచుండగా, క్రింద మేము చెమటలో తడిసి ముద్దయితిమి. కథ యేమో ఇప్పటికిని నాకు తెలియదు.

విశ్రాంతి సమయమున దీపములు వెలుగగా తాతగారి ముఖము వాడియుండెను, చేతులు వణకుచుండెను. అంతసేపును ఆయన దాహమని ఒక్కమాటయైన అనలేదు. ముదిమిలో శరీరమునకు నీరు కావలసియున్నను దాహము చక్కగా తెలియదని నేను పిమ్మట నేర్చుకొంటిని. ఆనాడు తెలియక, నేనును ఆయనను అడుగనైతిని. నన్ను నేటికిని బాధించునది ఇదియే.

వారిని మెల్లగా వెలుపలికి నడిపించుకొని వచ్చితిమి. ఎదుటనున్న కానుగచెట్టు క్రింద ఒక అవ్వ తాటిముంజెలు అమ్ముచుండెను. ఆమె తన కుండలోని నీరు ముంచియిచ్చి, తడిగుడ్డ తాతగారి మెడపై వేసెను. నేను డబ్బు ఇయ్యబోగా, "నీళ్లకు డబ్బులేమిటి బాబూ! ముంజెలు కొనుక్కోండి" అనెను. కొంతసేపటికి తాతగారు తేరుకొని, "చలువకు డబ్బిచ్చి ఉక్క కొనుక్కొంటిమిరా అబ్బాయీ!" అని నవ్విరి.

సినిమాను నిందించుట నా ఉద్దేశము కాదు. యంత్రములు చెడుట సహజము. ఐనను, డబ్బున్నవారికి మాత్రమే దొరకు చలువపై ఊరంతయు ఆధారపడజాలదని నా అభిప్రాయము. 2015వ సంవత్సరము మే మాసమున వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా మరణించిరి. వారిలో వృద్ధులును, ఎండలో పనిచేయు కూలీలును పెక్కురు. ఒక చెట్టునీడయు, ఒక కుండ నీరును వారిలో కొందరినైన కాపాడియుండెడివి కావా? వేసవిని ఓర్చుకొనుట యనగా నోరుమూసుకొని బాధపడుట గాదు, ఒకరినొకరు కనిపెట్టియుండుట.

మన పాఠశాల సంగతియే చూడుడు. మార్చి మాసమున ఒంటిపూట బడులు మొదలగును. మధ్యాహ్నము పండ్రెండున్నర ప్రాంతమున, సరిగా ఎండ మండిపోవు వేళ, చిన్నపిల్లలు నడచి ఇండ్లకు పోవుదురు. కావున ఆ దినములలో మన గుమ్మము చెంత ఒక చలివేంద్రము నెలకొల్పవలెనని మనవి చేయుచున్నాను. కుండలు నింపు పని తరగతికొక వారము చొప్పున మేమే వహింతుము. తొలకరి వానలు పడినంతనే తరగతికొక్క కానుగమొక్కనో వేపమొక్కనో దారిప్రక్కన నాటి, ఆ తరగతి పిల్లలు బడి విడచిపోవు వరకు దానిని పెంచవలెను. ఇందుకు పెద్ద వ్యయము లేదు; శ్రద్ధ మాత్రము కావలెను.

తల్లిదండ్రులకును ఒక్క విన్నపము. మీ ఇంట వృద్ధులున్నచో, వారు అడుగువరకు వేచియుండక గంటకొకసారి మంచినీరిండు. ఆనాడు నేను చేయని పని అదియే.