కుర్చీలు మోసేవారిదే సభ



సైన్సు ఫిక్షన్ అంటే ఏమిటో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. 1991లో వచ్చిన "ఆదిత్య 369" సినిమాను మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. కాలయంత్రం ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కాలానికి పోతారు, అక్కడినుండి భవిష్యత్తులోకి దూకుతారు. ఆ యంత్రం దారి తప్పి విజయనగర రాజుల కోట ఉన్న పెనుకొండలో దిగి ఉంటే, మన సోమందేపల్లి పిల్లలు నడిచిపోయి చూసి వచ్చేవారే గదా!

ఇటువంటి కథలంటే ఇష్టపడేవారు ఏటా ఒకచోట చేరి, రెండుమూడు రోజులు వాటిని గురించే మాట్లాడుకునే సభలు ప్రపంచంలో చాలాచోట్ల జరుగుతాయి. వాటిని కన్వెన్షన్లు అంటారు. బెంగుళూరులోనూ, హైదరాబాదులోనూ కామిక్ కాన్ అనే ఉత్సవాలు జరుగుతుంటాయి గాని, అవి వ్యాపార సంస్థలు నడిపేవి. మనం టిక్కెట్టు కొని, చూసి, వచ్చేస్తాం. నేను చెప్పబోయేది ఆ రకం కాదు. అభిమానులే జీతం బత్తెం లేకుండా నడుపుకునే సభలను గురించి. అటువంటి సభ ఒకటి మన మండలంలో, మీ చేతుల మీదుగా జరగాలని నా కోరిక. దానిలో మీరు ప్రేక్షకులుగా గాక పనివారుగా ఉండాలని అంతకంటె పెద్ద కోరిక.

ఇదేమీ పెద్దవాళ్ళకు మాత్రమే చేతనయ్యే పని కాదు. 1937 జనవరి 3న ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో కొద్దిమంది అభిమానులు ఒక చిన్న సభ పెట్టుకున్నారు. అక్కడికి వచ్చినవారిలో 19 ఏళ్ళ ఆర్థర్ క్లార్క్ ఒకడు. భూమి చుట్టూ తిరుగుతూనే ఒకేచోట నిలిచినట్లు కనిపించే ఉపగ్రహాలతో ప్రపంచమంతటికీ వార్తలు పంపవచ్చునని 1945లో వ్యాసం రాసినది ఆయనే. తరువాత మన పక్కనే ఉన్న శ్రీలంకలో స్థిరపడ్డాడు.

మొదటి ప్రపంచ సైన్సు ఫిక్షన్ సభ 1939 జూలై 2 నుండి 4 వరకు న్యూయార్కులో జరిగింది. వచ్చినవారు సుమారు 200 మంది. దానికి అధ్యక్షుడు శామ్ మాస్కోవిట్జ్. సభ మొదలుకావడానికి రెండు రోజుల ముందే అతనికి 19 నిండాయి! రే బ్రాడ్‌బరీ అనే 18 ఏళ్ళ కుర్రవాడు అమెరికాకు ఆ చివరనున్న లాస్ ఏంజిలిస్ నుండి బస్సులో వచ్చాడు. చేతిలో డబ్బు లేకపోతే ఫారెస్ట్ ఏకర్‌మన్ అనే మిత్రుడు అప్పు ఇచ్చాడు. ఆ ఏకర్‌మన్ భవిష్యత్తు కాలపు మనిషి వేషంలో సభకు వచ్చాడు. ఆ దుస్తులు కుట్టినది మర్టిల్ డగ్లస్ అనే ఆమె. ఈనాడు కామిక్ కాన్‌లలో కనిపించే వేషాలకు అదే తొలి నమూనా అంటారు. ఏకర్‌మన్ పేరు చెప్పుకున్నంతగా డగ్లస్ పేరు ఎవరూ చెప్పుకోరు. ఈ సంగతి మళ్ళీ మనకు పనికివస్తుంది.

ఆ ప్రపంచ సభ, యుద్ధకాలంలో నాలుగేళ్ళు తప్ప, ఏటా ఒక్కొక్క నగరంలో జరుగుతూ వచ్చింది. వరల్డ్‌కాన్ అని దాని ముద్దుపేరు. ఇప్పుడు వేలాదిమంది వస్తారు. అయినా నడిపేవారు జీతగాళ్ళు కారు. అక్కడికి వచ్చేవారిని "ప్రేక్షకులు" అనరు, "సభ్యులు" అంటారు. నిర్వాహకులు కూడా తమ సభ్యత్వ రుసుము తామే కట్టుకోవడం ఆనవాయితీ. లెక్కలన్నీ తేలాక డబ్బు మిగిలితే దానిలో కొంత తరువాతి సభలు జరిపేవారికి అందిస్తారు. కుర్చీలు సర్దడం, నీళ్ళు అందించడం, పరుగున పోయి మైకు బ్యాటరీ తేవడం వంటి పనులు చేసేవారికి "గోఫర్" అని పేరు. ఇంగ్లీషులో "పోయి తీసుకురా" అనే మాటలను కలిపి పలికితే వచ్చిన పేరు అది. మొదటిసారి వచ్చినవారు ఎవరితోనూ పరిచయం లేక గోడవార నిలబడుతుంటారే, వారికి తొందరగా స్నేహితులు దొరికే మార్గం గోఫర్‌గా పేరు ఇవ్వడమే.

మన దగ్గర మాత్రం ఈ పనులంటే చిన్నచూపు. వైజ్ఞానిక ప్రదర్శన జరిగిన ప్రతిసారీ ఇది నా కళ్ళబడుతూనే ఉంటుంది. బాగా చదివే పిల్లలు వేదిక మీద ఉంటారు. మార్కులు తక్కువ వచ్చేవాళ్ళు బల్లలు మోస్తారు. ఆడపిల్లలు ముగ్గులు వేసి, పూలపళ్ళెం పట్టుకొని నిలబడతారు. నిర్ణయాలన్నీ మా ఉపాధ్యాయులవే. ఈ పంపకం నాకు నచ్చదు. బల్ల ఎక్కడ వేయాలో నిర్ణయించే పని పిల్లలకు ఇవ్వకుండా, మోసే పని మాత్రమే ఇస్తే వారు నేర్చుకునేది ఏముంటుంది?

పైగా ఈ "చిన్న" పనులలో ఎంత అధికారం ఉందో గమనించండి. 1939 సభలోనే, హాలు గుమ్మం దగ్గర ఆరుగురు యువకులను లోపలికి రానివ్వలేదు. వారు ఫ్యూచూరియన్లు అనే మరొక అభిమాన సంఘం వారు. కరపత్రాలు పంచి అల్లరి చేస్తారని నిర్వాహకుల అనుమానం. తీరా చూస్తే, ఆ కరపత్రం రాసిన డేవ్ కైల్ హాలు లోపలే కూర్చొని ఉన్నాడు! బయట నిలిచిపోయినవారిలో ఫ్రెడరిక్ పోల్, డోనాల్డ్ వోల్‌హీమ్ వంటివారు తరువాత ఈ సాహిత్యంలోనే గొప్ప పేరు తెచ్చుకున్నారు. ఆ సంఘానికే చెందిన ఐజాక్ అసిమోవ్ మాత్రం లోపలికి వెళ్ళగలిగాడు. ఎనభై ఏళ్ళు దాటినా ఆ గుమ్మం సంగతి అభిమానులు మరచిపోలేదు.

పాతకాలపు గొడవ అనుకోకండి. 2023లో వరల్డ్‌కాన్ చైనాలోని చెంగ్డూ నగరంలో జరిగింది. సభ్యుల ఓట్లతో ఇచ్చే హ్యూగో బహుమతుల పోటీలో, ఆర్.ఎఫ్. క్వాంగ్ రాసిన "బేబెల్" నవలతో సహా కొన్నింటిని సరైన కారణం చెప్పకుండానే అనర్హమని పక్కన పెట్టారు. ఈ సంగతి 2024లో వివరాలు ప్రకటించాక గాని బయటపడలేదు. ఎంత దుమారం రేగిందో చెప్పలేను. అదే 2024లో సభ జరిపిన గ్లాస్గో నిర్వాహకులకూ ఒక చిక్కు వచ్చింది. 377 ఓట్లు దొంగ ఓట్లని తేలింది. వారు వాటిని తీసివేసి, ఎన్ని తీసివేశామో, ఎందుకు తీసివేశామో ఫలితాలకు ముందే అందరికీ ప్రకటించారు. రెండుచోట్లా పని చేసినవారు జీతం లేని సేవకులే. జీతం తీసుకోవడం లేదు గనుక మమ్మల్ని ఎవరూ అడగకూడదు అనుకుంటే మొదటి దారి, అడగకముందే చెప్పాలి అనుకుంటే రెండవ దారి.

ఇక మన సభ సంగతి. ఒక్కరోజు చాలు. ఒక ఆదివారం, బడిలోనే. సోమందేపల్లి, పెనుకొండ మండలాల పిల్లలు తాము రాసిన కథలు చదువుతారు, చదివిన పుస్తకాలను గురించి వాదించుకుంటారు. బోరు రెండువేల అడుగులు దిగినా నీరు రాని రోజున మన ఊరు ఎలా ఉంటుంది? ధర్మవరం పట్టుచీరను మగ్గం ముందు మనిషి లేకుండా యంత్రమే నేసి, రంగులు కూడా అదే ఎంచుకుంటే నేతవాడు ఏం చేస్తాడు? ఇవి జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు కావు. అందుకే, వెనిగరూ వంటసోడా కలిపి అగ్నిపర్వతం పొంగించే నమూనా కంటె నాకు ఇవే ఎక్కువ ఇష్టం.

ఇందులో నేను మార్చనివ్వని నియమాలు కొన్ని ఉన్నాయి. కథల మీద పేర్లు ఉండకూడదు, అంకెలే ఉండాలి. జయంత్ నార్లీకర్ అంతటి ఖగోళ శాస్త్రవేత్త 1974లో మరాఠీ విజ్ఞాన్ పరిషత్ కథల పోటీకి "కృష్ణవివర్", అనగా కృష్ణబిలం, అనే కథను మారుపేరుతో పంపాడు. తన పేరులోని పొడి అక్షరాలను తలకిందులు చేసి ఆ మారుపేరు కల్పించుకున్నాడు. బహుమతి కథకు రావాలి గాని పేరుకు కాదని ఆయన ఉద్దేశం. ఆ కథకే మొదటి బహుమతి వచ్చింది. మన హెడ్మాస్టరుగారి అబ్బాయి కథ కూడా అంకెతోనే రావాలి.

గంట కొట్టే పని ఆరో తరగతి వారికి ఇవ్వండి. అయిదు నిమిషాలు కాగానే ముఖ్య అతిథి ఉపన్యాసానికైనా సరే గంట కొట్టే హక్కు వారికి ఉండాలి. (మా ఉపాధ్యాయులకు ఇది కొంచెం కష్టమే.) గుమ్మం దగ్గర ఒకరు కాదు, వేరువేరు ఊళ్ళవారు ఇద్దరు ఉండాలి. వచ్చిన డబ్బు, ఖర్చయిన డబ్బు ఆ సాయంత్రమే నల్లబల్ల మీద రాయాలి. ముగ్గు వేసినవారు ఉదయం ముగ్గు వేస్తే మధ్యాహ్నం మైకు పట్టాలి. మర్టిల్ డగ్లస్‌ను గుర్తుంచుకొని, కుట్టినవారి పేరు, రాసినవారి పేరు ఒకే సైజు అక్షరాలలో వేయాలి. ఇంటికి వెళ్ళే బస్సు వేళ చూడకుండా కార్యక్రమం రాస్తే, దూరపు ఊళ్ళ ఆడపిల్లలు చివరి కథ వినకుండానే లేచిపోవలసి వస్తుంది. అందుచేత ముందు బస్సు వేళలు రాసుకొని, ఆ తరువాతే కార్యక్రమం వేసుకోండి. చార్జీలు లేనివారికి అందరూ తలా కొంచెం వేసి ఇవ్వవచ్చు. 1953 నుండి అమెరికా, ఐరోపా అభిమానులు ఇట్లాగే చిన్నచిన్న మొత్తాలు పోగుచేసి, ఓట్లు వేసి, తమలో ఒకరిని అట్లాంటిక్ సముద్రం దాటించి సభకు పంపుకుంటున్నారు. మనం దాటించవలసినది రెండు మూడు స్టేజీలే.

"పదో తరగతిలో ఇదంతా ఎందుకు?" అని మీ ఇంట్లో అడుగుతారు. అడగడం న్యాయమే. దీనివల్ల మార్కులు పెరుగుతాయని నేను చెప్పను. పదో తరగతి వారు ఒక్క పని మాత్రమే తీసుకోండి. సభను సంక్రాంతికి ముందే ముగించుకోవాలి. జనవరి దాటితే నేను కూడా ఒప్పుకోను. పెద్దవాళ్ళకు ఇంకొక మాట కూడా చెప్పవచ్చు. 1988లో జన విజ్ఞాన వేదిక ఏర్పడిన తరువాత చెకుముకి సైన్సు సంబరాలు బడి, మండలం, జిల్లా, రాష్ట్రం అంటూ మెట్టుమెట్టుగా జరుగుతున్నది సెలవు దినాలను వదులుకున్న ఉపాధ్యాయుల వల్లనే. మా తరం చేయగలిగినదే మీరూ చేయబోతున్నారు. కాకపోతే ఈసారి తాళాల గుత్తి మీ దగ్గర ఉంటుంది.

ఈ వారమే ఒక కాగితం మీద పనులన్నీ రాయండి: గుమ్మం, గంట, మైకు, నీళ్ళు, లెక్కలు, కథలకు అంకెలు వేయడం, చివరిలో గదులు ఊడవడం. ప్రతి పనికీ ఎదురుగా ఖాళీ వదిలి, దానిని తరగతి గోడకు అంటించండి. ఊడ్చే పనికి ఎదురుగా మొదటి పేరు నాది రాసుకోండి.