సూది వేసికొనని చేయి రోగిని తాకరాదు

కోలారు జిల్లా ఆస్పత్రుల యజమానులకును, వైద్యులకును, నర్సమ్మలకును, ముఖ్యముగా బంగారు గనులలో ఊపిరితిత్తులను పోగొట్టుకొని నేడు మంచము పట్టియున్న పెద్దల బిడ్డలకును విన్నపము.

గత శ్రావణమాసమున తుంటియెముక విరిగిన మా పెదనాన్నను ఈ జిల్లాలోని యొక ఆస్పత్రిలో చేర్పించితిమి. దాని పేరు చెప్పను. చెప్పినచో తక్కిన ఆస్పత్రులవారందరును ఈ కాగితమును మడచి, పొరుగింటి తగవని జేబులో వేసికొందురు. చాంపియన్ రీఫ్ గనిలో, భూమికి ఒక మైలుకు మించిన లోతున, ఇరువదియెనిమిది సంవత్సరములు రాతిధూళిని మ్రింగిన ఆ మనుష్యుడు, శస్త్రచికిత్స జరిగిన నాలుగవనాడు లేచి కూర్చుండి, రాగిసంకటియు ఊరిమిండియు కావలెనని గొడవ పెట్టుకొనెను. బ్రదికెనని మేమందరమును సంతోషించితిమి. ఆ సాయంకాలమే డ్యూటీకి వచ్చిన నర్సమ్మ, కన్నులెఱ్ఱబారి, ముక్కు చెంగుతో తుడుచుకొనుచు, ఆయన ముక్కునకున్న ఆక్సిజన్ గొట్టమును సవరింపబోయి మొగము ప్రక్కకు త్రిప్పి తుమ్మి, మరల ఆ చేతితోడనే గొట్టమును పట్టుకొనెను. "జ్వరమేమన్నా ఉందా తల్లీ?" అని మా పెద్దమ్మ అడిగినది. "వట్టి పడిసం పెద్దమ్మా, రెండు దినాల్లో పోతుంది" అని ఆ బిడ్డ నవ్వినది. ఆమెకు నిజముగనే రెండు దినములలో పోయినది. మా పెదనాన్నకు ఏడవనాడు జ్వరము వచ్చినది. గొంతులోని స్రావమును పరీక్షింపగా ఇన్‌ఫ్లుయెంజా అని తేలినది. పదునాల్గవనాడు ఆయనను మా ఊరగు మారికుప్పమునకు తెచ్చితిమి, ఎట్లు తెచ్చితిమో చెప్పనక్కరలేదు.

ఆ నర్సమ్మయే అంటించినదని నేను ప్రమాణము చేయజాలను. ప్రక్కమంచము రోగివలన కావచ్చును, చూడవచ్చిన మాలో నొకరివలన కావచ్చును. కాని తరువాత విచారింపగా తెలిసినదొకటి కలదు: ఆ వార్డులో రాత్రింబవళ్ళు పనిచేయువారిలో ఆ యేటి ఫ్లూ సూది వేసికొన్నవారు ఒక్కరును లేరు. నేను కలము పట్టినది దీనికొరకు.

ఇతర జిల్లాలవారికి ఇది చిన్నసంగతిగా తోచినను తోచవచ్చును, మనకు కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు వచ్చినది మొదలుకొని 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడువఱకు, ఈ నేలలోనుండి బంగారమెంత వెడలెనో లెక్కలున్నవి. ఈ నేలవారి రొమ్ములలోనికి ఎంత ధూళి చేరెనో దాని లెక్క యెవరును సరిగా వ్రాయలేదు. దేశములో సిలికోసిస్ అను రోగమును మొట్టమొదట వైద్యులు నిరూపించి ప్రకటించినది మన గనికార్మికుల రొమ్ములు చూచియే. 1947లో వెలువడిన ఆ పరిశోధనలో, ఏడువేలమందికి పైగా పరీక్షింపబడగా, నూటికి నలువదిమందికి మించి ఆ రోగము కలవారైరి. గనులు మూసిన ప్రభుత్వము ఆ రొమ్ములను బాగుచేయలేదు. అవి నేటికిని ఆండర్సన్‌పేటలోను, కోరమాండల్ లైన్లలోను, అరుగులమీద దగ్గుచునే యున్నవి. ఇరువదియైదేండ్ల నర్సమ్మకు రెండునాళ్ళ పడిశమైన క్రిమి, అట్టి రొమ్ములో ప్రవేశించినప్పుడు న్యుమోనియా యగును. ఒకే క్రిమి, ఇల్లు మాత్రము వేఱు.

ఆ క్రిమికి మన ఊరిలోనికి దారి వెదకుకొను శ్రమయు లేదు. తెల్లవారకముందే మారికుప్పము నుండి బెంగుళూరునకు వేలమంది బ్రతుకుతెరువునకై క్రిక్కిరిసి పోవు రైలు, ఆ సాయంకాలమే వారిని, వారితో రాజధానిలోని తుమ్ములన్నింటిని, మన యిండ్లకు మరల్చి తెచ్చుచున్నది.

గనిలో దిగినవారికి నేను చెప్పబోవునది తెలియనిది కాదు. తలకు హెల్మెట్టును, నడుమునకు దీపపు బ్యాటరీయు లేక ఒక్క కార్మికుడైనను గనిలోనికి దించు కేజీలో కాలుపెట్టుటకు వీలులేకుండెను. "నా తల నా యిష్టము" అని యెవడైన అనియుండినచో మేస్త్రీ యేమని బదులు చెప్పియుండునో ఈ కరపత్రములో అచ్చువేయుటకు వీలులేదు. అడుగున నొకని అజాగ్రత్త ప్రక్కనున్న పదిమంది ప్రాణము మీదికి తెచ్చునని ఎఱిగినవారు గనుక, అది యొకని స్వంతవిషయమని అచట నెవరును వాదింపలేదు. అట్టి పట్టణమున, ఆస్పత్రి వార్డులో మాత్రము, "సూది వేసికొనుట నా యిష్టము" అను మాట మర్యాదస్థుల మాటగా చెల్లుచున్నది.

వైద్యులారా, మీతోనే నా కలహము. 2021 జనవరి 16న దేశమంతటను కరోనా టీకా ప్రారంభమైననాడు వరుసలో మొట్టమొదట నిలిచినవారు మీరు, నిలువవలసినవారును మీరే. ఆనాడు మేము వెనుక నిలిచి అసూయపడలేదు, చేతులు జోడించితిమి. మఱి అదే చొక్కా చేయి పైకి మడచుటకు ఇప్పుడు మీకేల ఇంత బద్ధకము? ఆనాడు భయము మీ ప్రాణమునకు. ఈనాడు ప్రమాదము మా ముసలివారి ప్రాణమునకు. ఇంతకుమించి నాకు వేఱుకారణము కనబడుట లేదు, ఉన్నచో చెప్పుడు. మధుమేహపు రోగికి "ఫ్లూ టీకా వేయించుకొనుడు" అని చీటీ వ్రాయు చేయి, ఆ టీకా తాను వేయించుకొనదు. పొగ త్రాగవలదని చెప్పి మేడవెనుకకు పోయి సిగరెట్టు ముట్టించు డాక్టరును చూచి నవ్వుకొందుము, వాని రొమ్ము వానిదే గనుక. దీనిని చూచి నవ్వలేము.

"మాకు ఫ్లూ వచ్చినచో మాకు తెలియదా, సెలవు పెట్టమా?" అని యొక పెద్ద డాక్టరు నాతో అనెను. తెలియదు. గ్లాస్గో నగరపు ఆస్పత్రులలో 1993-94 చలికాలమున అయిదువందల పైచిలుకు సిబ్బంది రక్తము పరీక్షింపగా నూటికి ఇరువదిమువ్వురకు ఫ్లూ సోకినట్లు తేలినది. సోకినవారిలో సగముకంటె ఎక్కువమందికి తమకు ఫ్లూ వచ్చినట్లు జ్ఞాపకమైనను లేదు. లక్షణములు పైకి తేలుటకు ఒకనాడు ముందునుండియే క్రిమి ఇతరులకు సోకగలదు. కనుక దగ్గు మొదలిడిన పిదప మొగమునకు మాస్కు కట్టుకొందునను మాట, దొంగ పోయిన ఆరునెలలకు కుక్క మొఱిగినట్లుండును.

టీకాచేతనే జ్వరము వచ్చునందురా? చేతికి వేయు టీకాలోని క్రిమి చచ్చినది, చచ్చినది కాటువేయదు, చేయి ఒకటి రెండునాళ్ళు నొచ్చును, కొందఱికి ఒళ్ళు వెచ్చబడును, అంతియ. నూటికి నూఱుపాళ్ళు పనిచేయదందురా? క్రిమి రూపమునకు టీకా సరిపడిన యేడాదిలో నూటికి నలువది మొదలు అరువది వఱకు కాపాడును. హెల్మెట్టు సైతము కొండ విరిగిపడినప్పుడు కాపాడదు, అందుచే దానిని పారవేసినవారు లేరు. ప్రతియేట నేల యందురా? క్రిమి ప్రతియేట చొక్కా మార్చును గనుక. ఈ పిల్లవాదములకు ఇంతకంటె కాగితము వ్యర్థపఱుపను.

నిర్బంధము కూడదను మాటను మాత్రము తోసివేయను. 1930లో కంపెనీవారు వేలిముద్రలు వేయుమని నిర్బంధింపగా వేలకొలది కార్మికులు పని మాని నిలిచిన గడ్డ యిది. ఆ పౌరుషమును నేనును చిన్ననాట అరుగుమీద విన్నవాడనే. కాని ఆ వేలిముద్ర దొరగారి బంగారమునకు కాపలా. ఈ సూది మంచములోని వాని ఊపిరికి కాపలా. అమెరికాలోని సియాటిల్ నగరమున వర్జీనియా మేసన్ ఆస్పత్రి 2005లోనే సిబ్బందికెల్ల ఫ్లూ టీకా తప్పనిసరి చేయగా, మొదటి యేటనే నూటికి తొంబదియేడుగురకు పైగా వేసికొనిరి; ఆ ఆస్పత్రి నేటికిని నడచుచునే యున్నది.

అమెరికా మాట యేల, మైసూరు సంస్థానపు మాటయే చెప్పుదును. రెండువందల యేండ్లకు పూర్వము, మశూచి టీకా ఈ దేశమునకు క్రొత్తగా వచ్చినప్పుడు, 1805 ప్రాంతమున థామస్ హిక్కీ అను చిత్రకారుడు మైసూరు రాణివాసపు స్త్రీలను చిత్రించెను. అందు నొక చిన్నరాణి, పైటను కొంచెము తొలగించి చేతిమీద టీకా వేసిన చోటును లోకమునకు చూపుచున్నదని చరిత్రకారులు వివరించుచున్నారు. ఘోషాలోని రాణి చేయి చూపినది. తెల్లకోటు వేసికొన్న మనవారు చేయి దాచుకొందురు!

ఇక యజమానులారా. ప్రపంచారోగ్యసంస్థ 2012లోనే ఆరోగ్యసిబ్బందిని ఈ టీకాకు ముందువరుసలోనివారినిగా పేర్కొన్నది. మన కేంద్ర ఆరోగ్యశాఖయు సిఫారసు చేయుచున్నది. కాని జాతీయ టీకాల పట్టికలో ఇది లేదు గనుక, కొనవలసినవాడెవడో తేలక, సిఫారసు సిఫారసుగనే యుండిపోయినది. బజారులో వెయ్యిరూపాయలకు మించిన సూదిని, నెలకు చాలీచాలని జీతముపై, కాంట్రాక్టరు క్రింద పనిచేయు ఆయా స్వంతడబ్బుతో కొనుక్కొనవలెనా? జ్వరముతో నొకనాడు రానిచో ఆనాటి కూలి కోసివేయు మీరు, ఆమె జ్వరముతో వచ్చినదని ఆమెను దూషింతురా? ఆనాడు తుమ్మిన నర్సమ్మమీద నాకు కోపము పోయినది. మీమీద పోలేదు.

కోరునది యొక్కటియే. కోలారు, బంగారుపేట, ముళబాగిలు, శ్రీనివాసపురము, మాలూరు, రాబర్ట్‌సన్‌పేట, ఎచ్చటనున్నను, ప్రభుత్వమైనను ప్రైవేటైనను, ప్రతి ఆస్పత్రియు మృగశిరకార్తెకు పదునైదు దినములకు ముందే, బలము చేకూరుటకు రెండువారములు పట్టును గనుక, డాక్టరు మొదలు ఊడ్చువాని వఱకు, ఆశా కార్యకర్తకును అంబులెన్సు డ్రైవరుకును సైతము, ఉచితముగా సూది వేయవలెను. పగటివేళ ఆఫీసుగదిలో పెట్టి "రానివారు రాలేదు" అనుట చాలదు; రాత్రిషిఫ్టువారికి రాత్రియే, వార్డులోనే వేయవలెను. ఎందఱున్నారో, ఎందఱు వేసికొనిరో ఆ రెండంకెలును ఓ.పి. గోడమీద సుద్దతో వ్రాయవలెను. వైద్యకారణము లేక నిరాకరించినవారిని వానకాలము ముగియువఱకు ముసలివారి, పసివారి, డయాలిసిస్ రోగుల వార్డులలోనికి పంపరాదు. జ్వరము వచ్చినవారికి కూలి కోయరాదు.

రోగి బంధువులారా, మీరును చేర్పించునాడే అడుగుడు. నేను అడుగుట మొదలిడితిని. పోయిన వారము వేఱొక ఆస్పత్రిలో, మా మేనత్త మంచముక్రింద తుడుచుచున్న ముసలామెను, ఊరకయే, "ఈ యేడాది ఫ్లూ సూది వేయించుకున్నావా అవ్వా?" అని అడిగితిని. ఆమె తుడుపుకఱ్ఱను గోడకానించి, చేతులు కొంగుకు తుడుచుకొని, నేను పరిహాసమాడుచున్నానేమోయని నా మొగమువంక చూచి అడిగినది: "అది మాలాటోళ్ళకి కూడా ఏస్తారా సామీ?"