ముదుసలి పిల్లికి వైద్యమేల?

లోభియైనవానిని గూర్చి మనవారు "వాడు పిల్లికి బిచ్చము వేయడు" అందురు. బిచ్చమునకు పాత్రమైనవానిలో పిల్లి కడపటిదని దీని భావము. వైద్యవిషయమునను దాని స్థానమదియే. సిద్దిపేట ప్రాంతమున ఆవునకో గేదెకో రోగము వచ్చినచో రైతు పశువైద్యుని పిలుచును. పదునైదేండ్ల పిల్లి తిండి మాని మూల పండుకొన్నచో "దాని కాలము తీరినది" అని ఊరకుందురు. దానిని పశువైద్యశాలకు గొనిపోవువానిని చూచి నవ్వుదురు. ఈ నవ్వు న్యాయము కాదని మా యభిప్రాయము.

పశువైద్యము తొలుత మానవులకు అక్కఱకు వచ్చు జంతువుల కొఱకే వర్ధిల్లిన మాట నిజము. మన దేశమున అశ్వవైద్యమునకు శాలిహోత్రుడును, గజవైద్యమునకు పాలకాప్యుడును ప్రసిద్ధులు. ఫ్రాన్సు దేశమున క్లాడ్ బూర్జెలా 1761వ సంవత్సరమున లియోన్ నగరములో పశువైద్య పాఠశాలను స్థాపించుటకు గుఱ్ఱముల పోషణయు, పశువుల మహామారియు కారణములు. అయినను పిల్లి ఊరక తిన్నది కాదు. వడ్లకొట్టులో ఎలుకలను పట్టి మన ధాన్యమును కాపాడినది. పండ్లూడిన దినమున దానిని మఱచుట కృతఘ్నత యగును.

వార్ధక్యము వేఱు, వ్యాధి వేఱు. ముసలి పిల్లులకు తఱచుగా వచ్చు వ్యాధి మూత్రపిండముల క్షీణత. నీరు మిక్కిలి త్రాగుట, పలుమాఱులు మూత్రము పోయుట, చిక్కిపోవుట దీని గుఱుతులు. పిల్లి తన బాధను దాచుకొను జంతువు. పైగా మూత్రపిండముల శక్తిలో ఇంచుమించు నాలుగింట మూడు పాళ్లు నశించినగాని రక్తములో క్రియాటినిన్ హెచ్చినట్లు స్పష్టముగా కనబడదు. నశించిన శక్తిని ఏ వైద్యుడును తిరిగి తేజాలడు. కాని చర్మము క్రింద సెలైను ఎక్కించి ఎండిన దేహమునకు నీరు చేర్చగలడు, వాంతులు అణచగలడు, రక్తపుపోటు తగ్గింపగలడు, భాస్వరము తక్కువగానున్న ఆహారమును నియమింపగలడు. ఇట్టి చికిత్సచే కొన్ని పిల్లులు నెలలు, కొన్ని సంవత్సరములు సుఖముగా బ్రదుకును. మధుమేహమునను, థైరాయిడ్ వ్యాధియందును ఇంచుమించు ఇవే గుఱుతులు కనబడును. వాని చికిత్సలు వేఱు. పరీక్షింపకయే అన్నిటికిని ముసలితనమని పేరు పెట్టుట తగదు.

దయగలవారు కొందఱు ఇంటిలోనున్న మాత్రనే విఱిచి వేయుదురు. ఇది మఱింత ప్రమాదము. మనము జ్వరమునకు వాడు పారాసిటమాల్ పిల్లికి విషము. దానిని హాని లేకుండ మార్చి వెడలింపగల శక్తి పిల్లి కాలేయమునకు చాలదు. ఒక్క మాత్రయే ప్రాణము తీయవచ్చును.

"మనుష్యులకే మందు కొనలేని ఇంట పిల్లికి వ్యయమేల?" అని కొంద ఱడుగుదురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. అప్పు చేసి చికిత్స చేయింపుడని మేము చెప్పము. అయితే పశువైద్యుని పని ఆయుర్దాయమును పొడిగించుట మాత్రమే కాదు. తినుట, ఒడలు నాకి శుభ్రపఱచుకొనుట, ఎఱిగిన చేతికడకు వచ్చుట మొదలగునవన్నియు పోయి, బాధయొక్కటియే మిగిలినప్పుడు, "ఇక మందు వలదు, నొప్పిలేని మరణము ప్రసాదింతము" అని చెప్పుటయు వైద్యమే. మనకు విడువ మనసొప్పక దాని బాధను పొడిగించుట ప్రేమ కాదు. అట్లని దానిని సంచిలో వేసి ఊరి వెలుపల విడుచుట అంతకంటె పాపము. ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును విడిచిపెట్టుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము కూడను.

బైబిలులోని సామెతల గ్రంథము పండ్రెండవ అధ్యాయమున నీతిమంతుని లక్షణములలో పశువుల ప్రాణముపట్ల దయ యొకటిగా చెప్పబడినది. అచ్చట పాలిచ్చు పశువనియు, పాలియ్యని పశువనియు భేదము లేదు.

కావున విద్యార్థులారా! మీ యింటి ముసలి పిల్లి నీటిగిన్నెను గమనింపుడు. అది మునుపటికంటె త్వరగా ఖాళీయగుచున్నచో జాగు చేయక, గాలి చొచ్చు బుట్టలో దానిని సిద్దిపేట పశువైద్యుని యొద్దకు గొనిపొండు. "దీని బాధ తగ్గునా? తగ్గినచో ఎంతకాలము?" అని ఆయనను అడుగుడు. ఆయన యుత్తరమును బట్టి నడుచుకొనుడు. నవ్వువారిని నవ్వనిండు.