లెక్కలు బయటపెట్టిన కుర్రాడు

ప్యాట్రిక్ మెకెంజీ అమెరికాలో చదువుకుని, ఉద్యోగం కోసం జపాన్ వెళ్లినవాడు. 2006లో, పాతికేళ్లకు అటూ ఇటూగా ఉన్న వయసులో, తీరిక వేళల్లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ తయారు చేశాడు. అమెరికాలో ప్రైమరీ స్కూలు టీచర్లు పిల్లలకు పదాలు నేర్పడానికి బింగో ఆడిస్తారు. ఆ ఆటకు కావాల్సిన కార్డులు ముద్రించి ఇచ్చే ప్రోగ్రామ్ అది. పెట్టుబడి 60 డాలర్లు. అబ్బురపడాల్సిన సాంకేతికత ఏదీ అందులో లేదు. ఆ సరుకును చూసి ఎవరూ అతణ్ని పిలిచి పీట వెయ్యరు.

అయినా పీట వేశారు. అమ్మకం మొదలైన రోజుల్నుంచే అతను దాని గురించి ఇంటర్నెట్‌లో రాస్తూ వచ్చాడు. ఎన్ని కాపీలు అమ్ముడుపోయాయి, గూగుల్ ప్రకటనలకు ఎంత పోయింది, చేతికి ఎంత మిగిలింది అన్నీ రాశాడు. అమ్మకాల అంకెలు ఎవరైనా చూసుకునేలా సొంత వెబ్‌సైట్‌లో ఒక పేజీయే పెట్టేశాడు. ఒక టీచరుకు డబ్బిచ్చి పాఠాలకు తగ్గ పదాల జాబితాలు రాయించుకోవడం, ఆ పేజీలు గూగుల్‌లో వెతికేవాళ్లకు కనిపించి కొనుగోలుదార్లను తేవడం, పేజీలో ఒక బటన్ మారిస్తే అమ్మకం ఎంత మారిందన్నది, ఇలాంటివన్నీ విడమరచి చెప్పాడు.

ఇవి బింగో కార్డులు కొనే టీచర్లు చదవలేదు. వాళ్లకు వీటితో పని లేదు. చదివింది ఇతనిలాగే ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసి, దాన్ని అమ్ముకోవడం తెలియక తంటాలు పడుతున్న వాళ్లు. వాళ్ల దృష్టిలో మెకెంజీ బింగో కార్డుల వ్యాపారి కాడు, సాఫ్ట్‌వేర్ ఎలా అమ్మాలో తెలిసినవాడు. 2010లో ఉద్యోగం మానేసి సొంతంగా నిలబడ్డాడు. తమ సరుకు కూడా అమ్మిపెట్టమని తనకంటే ఎంతో పెద్ద కంపెనీలు అతణ్ని సలహాదారుగా పిలిచాయి. 2016లో చెల్లింపుల కంపెనీ స్ట్రైప్‌లో చేరాడు. కార్డుల మీద వచ్చిన ఆదాయం కన్నా కార్డుల గురించి రాసిన రాతలు అతనికి ఎక్కువ సంపాదించి పెట్టాయని నా నమ్మకం.

అతని వ్యాసాల్లో మనవాళ్లకు బాగా దగ్గరైనది ఒకటుంది. 2010లో మనుషుల పేర్ల గురించి ప్రోగ్రామర్లు చేసే తప్పుడు ఊహలన్నీ వరసగా రాశాడు. అవి మొత్తం 40. అందరికీ మొదటి పేరు, ఇంటిపేరు ఉంటాయనుకోవడం, అవి ఫలానా వరసలోనే వస్తాయనుకోవడం, ఒక మనిషికి ఒకే పూర్తి పేరు ఉంటుందనుకోవడం, ఈ తరహావి. తన పేరు ఎక్కించబోతే జపాన్ కంప్యూటర్లు మొరాయించిన అనుభవం అందులోంచి మాట్లాడుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, అమెరికా వీసా మీద సొంత పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ (‘మొదటి పేరు తెలియదు’) అని అచ్చయి, అక్కడ బ్యాంకులోనూ డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులోనూ తన పేరు తనే వివరించుకోవాల్సి వచ్చిన తెలుగు విద్యార్థులు ఎంతోమంది. ఆ వ్యాసం వాళ్ల కష్టాన్నే చెబుతుంది. రాసి ఇన్నేళ్లయినా ప్రోగ్రామర్లు దాన్ని ఒకరికొకరు చూపించుకుంటూనే ఉన్నారు. ఎవరినో మెప్పించడానికి రాస్తే ఇంత కాలం నిలిచేది కాదు.

2021 జనవరిలో, అతను రాతలతో తెచ్చుకున్న మంచిపేరు ఏపాటిదో తేలింది. క్యాలిఫోర్నియాలో కోవిడ్ టీకా ఏ ఆస్పత్రిలో, ఏ మందుల షాపులో దొరుకుతుందో చెప్పేవాళ్లే లేరు. ఎవరైనా అన్నిచోట్లకూ ఫోన్లు చేసి కనుక్కుని ఒకచోట పెడితే బాగుండునని మెకెంజీ ట్విట్టర్‌లో రాశాడు. వెంటనే మనుషులు ముందుకొచ్చారు, రోజుల్లోనే పని మొదలైంది. ఆ మాటను ముక్కూ మొహం తెలియని ఖాతా రాసి ఉంటే ఎంతమంది కదిలేవారు? పదిహేనేళ్లుగా లెక్క తప్పకుండా రాస్తున్న మనిషి కాబట్టి కదిలారు.

మన దేశంలో షేర్ల బ్రోకరేజీ జెరోధాను స్థాపించిన నితిన్ కామత్‌ది ఇదే దారి. 2010లో బెంగళూరులో ఆ బ్రోకరేజీ మొదలైనప్పుడు ఆ పేరు విన్నవాళ్లు లేరు. షేర్ల వ్యాపారమంటేనే జనానికి అనుమానం, పేరు తెలియని బ్రోకరంటే భయం. ఆయన కంపెనీ వెబ్‌సైట్‌లో మార్జిన్ అంటే ఏమిటో, ట్రేడింగ్ లాభం మీద పన్ను ఎలా పడుతుందో రాస్తూ, పాఠకుల ప్రశ్నలకు తనే జవాబులిస్తూ వచ్చాడు. కార్తీక్ రంగప్ప నడిపించిన ‘వర్సిటీ’ పాఠాలు ఖాతాదారులు కానివాళ్లకూ ఉచితమే. ప్రకటనల మీద ఆధారపడకుండానే 2019కల్లా చురుకైన ఖాతాదారుల సంఖ్యలో జెరోధా దేశంలో మొదటి స్థానానికి చేరింది. తక్కువ ఫీజు ప్రధాన కారణం, కాదనను. కానీ సొంత డబ్బు తెచ్చి అప్పగించాలంటే ఫీజు తక్కువన్న ఒక్క మాట చాలదు. అవతలి మనిషి ఎలా ఆలోచిస్తాడో తెలియాలి. అది రాతల్లో తెలిసింది.

హైదరాబాద్‌లో స్టార్టప్‌ల కేంద్రం టీహబ్ చుట్టుపక్కల తిరిగే కుర్రాళ్లలో చాలామంది లింక్డిన్‌లో రోజూ రాస్తారు. నేను శ్రద్ధగానే చదువుతాను. వేదిక మీద షీల్డు పట్టుకున్న ఫొటో, ఫండింగ్ వచ్చిందన్న కబురు, పొద్దున ఐదింటికి లేచే అలవాటు, పడిలేచిన కథ. వీటి వల్ల మొహం గుర్తుంటుంది. ఆ మనిషికి ఏ పని బాగా తెలుసు అని అడిగితే మాత్రం జవాబు దొరకదు. ఇప్పుడు ఆ కాసిన్ని మాటలు కూడా చాట్‌జీపీటీ చేత రాయించుకుంటున్నారు, లేదా నెలకింతని మాట్లాడుకుని ఏజెన్సీకి అప్పజెబుతున్నారు. దీని మీద నా అభిప్రాయం ఖండితంగానే చెబుతాను: దండగ ఖర్చు. సొంత కొట్లో కూర్చుని కళ్లారా చూసింది ఇంకొకరు రాసిపెట్టలేరు.

లెక్కలు బయటపెడితే పోటీదారు ఎత్తుకుపోతాడన్న భయం చాలామందికి ఉంది. ఎత్తుకుపోతాడు. కానీ మీ దగ్గర అంకె తీసుకున్నంత మాత్రాన మీ పనితనం అతనికి రాదు. ఖాతాదారుల పేర్లు, సిబ్బంది సొంత విషయాలు రాయకపోతే చాలు. నన్ను నిజంగా ఆలోచింపజేసేది మరో ప్రమాదం. షికాగోలో పుట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీ 37సిగ్నల్స్ వాళ్లు 1999 నుంచి రాస్తూ, పని ఎలా చేయాలన్నదాని మీద ప్రపంచానికి పాఠాలు చెప్పేంత పేరు తెచ్చుకున్నారు. 2021 ఏప్రిల్‌లో ఆఫీసు ఖాతాల్లో రాజకీయ, సామాజిక చర్చలు వద్దంటూ ఆ కంపెనీ అధిపతి జేసన్ ఫ్రీడ్ ఒక ప్రకటన రాశాడు. కొద్ది రోజుల్లోనే దాదాపు మూడో వంతు ఉద్యోగులు వెళ్లిపోయారు. ఆ నిర్ణయం తప్పో ఒప్పో అటుంచితే, రాసి పేరు తెచ్చుకున్నవాడి ఇంటి గొడవ వీధికెక్కితే అతని పాత మాటలన్నీ జనం తీసి ఎదురు పెడతారు. రాసేవాడు దానికి సిద్ధపడే రాయాలి.

ఇక భాష సంగతి. మన కుర్రాళ్లు ఇంగ్లిష్‌లో, ఇన్వెస్టర్ చూస్తాడని రాస్తున్నారు. సరుకు కొనేవాడు తెలుగువాడైనప్పుడు కూడా అంతే. భీమవరం వైపు రొయ్యల చెరువులకు ఆక్సిజన్ కొలిచే సెన్సర్లు అమ్మాలనుకునే ఒక కుర్రాణ్ని ఊహించండి. పగలు ఎండకు ఆక్సిజన్ వదిలిన ప్లాంక్టన్ రాత్రి దాన్నే పీల్చుకుంటుంది, తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్, అంటే డీఓ, బాగా పడిపోతుంది. ఆ వేళ నిద్రపోతే పంట పోతుందని రైతుకు తెలుసు. రైతుకు తెలియాల్సింది ఈ కుర్రాడి మీటరును నమ్మవచ్చా అన్నదే. అందుకని వారానికోసారి అచ్చ తెలుగులో రాయాలి: నాలుగింటికి మీటరు ఎంత చూపించింది, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఎన్ని తిప్పారు, ఎన్ని గంటలు, కరెంటు బిల్లు ఎంత తగ్గింది లేక పెరిగింది. మొదటి పంటకాలం అంతా చదివేవాళ్లు పదిమంది కూడా ఉండకపోవచ్చు. అయినా ఆపకూడదు. రెండో పంట నాటికి ఫీడ్ డీలరు చదువుతాడు, అప్పు ఇవ్వాల్సిన బ్యాంకు మేనేజరు చదువుతాడు, పక్క ఊరి రైతు వాట్సాప్‌లో ఇంకొకరికి పంపుతాడు.

నీళ్లలో ఉండే మీటరు ప్రోబుకు నాచు పట్టి మీటరు తప్పు అంకె చూపించే వారం ఒకటి తప్పకుండా వస్తుంది. ఆ వారం అన్నిటికంటే వివరంగా రాయాలి. తప్పు అంకె ఎన్ని గంటలు చూపించింది, ఎవరు ముందు కనిపెట్టారు, ప్రోబును ఎన్నాళ్లకోసారి తుడవాలి, ఎవరికైనా నష్టం జరిగితే ఏం చేస్తున్నాడు, ఇవన్నీ అందులో ఉండాలి. పెట్టెలో పెట్టి ఇచ్చిన కరపత్రం చూసి కొనని రైతు ఆ వారం రాసింది చదివి ఫోన్ చేస్తాడు.