ప్రాత గాలపు కఱ్ఱల జీర్ణోద్ధరణము

ప్రాత వస్తువును బాగుచేయుట వేఱు. దానిని క్రొత్తదానివలె మెఱయించుట వేఱు. ఈ భేదము నెఱుగనివారి చేతులలో పడి మంచి వస్తువు లెన్నియో చెడిపోవుచున్నవి. ఇంగ్లండు, అమెరికా దేశములయందు పూర్వము చేయబడిన వెదురు బద్దల గాలపు కఱ్ఱలు అట్టివి. ఆనవాలు పట్టకమునుపు ఇట్టి కఱ్ఱపై పనిముట్టు మోపరాదని నా యభిప్రాయము.

ఇది మన చెఱువు గట్టున బాలురు పట్టుకొను ఒంటి వెదురు కఱ్ఱ కాదు. వెదురును నిలువున చీల్చి, ప్రతి బద్దయు అడ్డకోతలో సమబాహు త్రిభుజమగునట్లు చిత్రిక పట్టి, అట్టి యాఱు బద్దలను జిగురుతో నతికింతురు. ఒక్కొక్క కోణము 60 డిగ్రీలగుటచే ఆఱును సందులేక కూడి షట్కోణమగును. వెదురులోని గట్టి నారలు పైచర్మము క్రింద ఒత్తుగను, లోపలికి పోవుకొలది పలుచగను ఉండును. కావున పనివాడు లోపలి మెత్తని భాగమునే చెక్కివేసి, పైభాగమును కాపాడును. కఱ్ఱ బలమెల్ల ఆ పైపొరలోనే కలదు.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి ఈస్టను పట్టణమున తుపాకులు చేయు శామ్యూలు ఫిలిప్పి 1840ల ప్రాంతమున ఇట్టి కఱ్ఱలను చేసెను. ఇంగ్లండునందు 1872లో ఆల్నిక్ పట్టణమున నెలకొన్న హార్డీ సోదరుల సంస్థ ఈ పనిలో మిక్కిలి ప్రసిద్ధి గాంచెను. మొదట వాడిన వెదురు మన దేశమునుండియే పోయెడిది. దానికి కలకత్తా వెదురని పేరు. తరువాత దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగు రాష్ట్రపు వెదురు దాని స్థానము నాక్రమించెను. వర్తకులు దీనిని టాంకిను వెదురనిరి. కాంటనులోని లింగ్నాను విద్యాలయమున పనిచేసిన మెక్లూరు పండితుడు 1931లో దీనికి శాస్త్రీయ నామ మొసగెను. 1950లో అమెరికా ప్రభుత్వము చైనా సరకును నిషేధించెను. గాజునార కఱ్ఱలును అప్పటికే బజారున ప్రవేశించియుండుటచే వెదురు కఱ్ఱల వాడుక మిక్కిలి తగ్గెను.

పూర్వపు మద్రాసు రాజధానికిని ఈ కథతో కొంత సంబంధము కలదు. మద్రాసు సివిలు సర్వీసు ఉద్యోగియగు హెన్రీ సల్లివను థామసు భారతదేశమున గాలముతో చేపలు పట్టుటను గూర్చి వ్రాసిన గ్రంథము 1873లో మంగుళూరున వెలువడెను. అట్టి వేడుక గల దొరలతో ఈ కఱ్ఱలు మన దేశమునకును వచ్చినవి. ఏ ప్రాత బంగళాలోనైన నొకటి దొరకినచో దాని నెట్లు చూడవలయును?

మొదట పిడికి పైనున్న భాగమును మంచి వెలుతురులో పరికింపవలయును. చేసినవాని పేరును, సంఖ్యయు అచ్చట సిరాతో వ్రాయబడియుండవచ్చును. లేదా కఱ్ఱ ముక్కలను కూర్చు లోహపు పొన్నుపై ముద్రింపబడియుండవచ్చును. అయినను పేరొక్కటియే ప్రమాణము కాదు. ఒకరు చేసిన కఱ్ఱలను వేఱొక అంగడివారు తమ పేరుతో అమ్ముట కలదు. కనుక పొన్నులు ఇత్తడివా, జర్మను సిల్వరువా? పట్టుదారపు చుట్లు దగ్గఱగా నున్నవా, ఎడముగా నున్నవా? కణుపులు ఏ వరుసలో నున్నవి? ఇవియన్నియు విచారింపవలయును. తోళ్లనుండి తీసిన జిగురును నమ్మలేని కాలమున చుట్లు దగ్గఱగా చుట్టిరి. మేలైన జిగురులు వచ్చినపిదప అవి తగ్గెను. కలకత్తా వెదురుపై కాలిన మచ్చలు తఱుచుగా కనబడును. కాని రంగుకొఱకు కఱ్ఱనంతయు మంటపై కాచిన పనివారును కలరు. ఒక్క గుఱుతును పట్టుకొని తీర్పు చెప్పరాదు. పలు సాక్ష్యములు ఏకీభవింపవలయును.

ఇట్టి విచారణ లేక ఉప్పుకాగితముతో కఱ్ఱను రుద్దినవాడు రెండు నష్టములను కలిగించును. వార్నీషుతోబాటు సిరా వ్రాతయు పోవును. చర్మముతోబాటు బలమైన నారలును పోవును. పేరు పోయిన పిదప కఱ్ఱ అనాథ. నార పోయిన పిదప అది బలహీన. ఈ రెండును మరల తెచ్చుటకు ఎంతటి పనివానికిని శక్యము కాదు.

"కఱ్ఱ చేపలు పట్టుటకే కదా! అలమరలో పెట్టి పూజించుటకా?" అని కొందఱందురు. వారి మాటలో న్యాయము లేకపోలేదు. వదులైన పొన్నును బిగింపవలసినదే. చివికిన పట్టుచుట్లను మార్చవలసినదే. ఊడిన బద్దల నతుకవలసినదే. కాని అవసరమైనంతకు మించి చేయరాదు. ప్రాతచుట్ల రంగును, సంఖ్యను, ఎడమును ముందుగా వ్రాసికొని, అదే తీరున క్రొత్తవి చుట్టవలయును. పట్టుపై నేరుగా వార్నీషు పూసినచో రంగు మాఱునని మఱువరాదు. పొన్ను నూడదీయునపుడు మెల్లగా వెచ్చజేయవలయునేకాని మెలిపెట్టరాదు. వంగిన కఱ్ఱను మూలకు చేరవేయక, నిలువుగా వ్రేలాడదీయవలయును. తడిసినదానిని ఆరకమునుపు సంచిలో నుంచరాదు.

వీటన్నిటికంటె ముఖ్యమైనది సత్యము. పేరులేని కఱ్ఱపై ప్రసిద్ధుని పేరు వ్రాయుట దొంగనాణెము చేయుటవంటిది. చేసిన మరమ్మతులను దాచుటయు మోసమే. ఏది ప్రాతదో, ఏది తాను చేర్చినదో ఒక చీటిపై వ్రాసి కఱ్ఱ సంచిలో నుంచినవాడు తన తరువాతివానికి మేలు చేసినవాడగును. విద్యార్థులారా! పనినేర్పు చేతికి అలవాటుచే వచ్చును. ఎక్కడ చేయి ఆపవలయునో తెలియుట మాత్రము ఓర్పుతో పరికించినవానికే వచ్చును. కావున ప్రాత వస్తు వేదైన మీ చేతికి వచ్చినపుడు మొదట దానిని చదువుడు, పిమ్మట బాగుచేయుడు.