మాత్ర ఆగిన మూడవ రోజు

ఇంట్లో కుర్రవానికి మత్తుమందు అలవాటయిందని తెలిసినప్పుడు మన పెద్దలు తరచుగా ఒకే పని చేస్తారు. దొరికిన మాత్రలన్నీ పారవేసి, అతణ్ణి గదిలో ఉంచి గడియ పెట్టి, "నాలుగు రోజులు ఓర్చుకుంటే అదే వదిలిపోతుంది" అని ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు. ఆ సంకల్పం వెనుకనున్న ప్రేమను శంకించవలసిన పని లేదు. అయితే ఆ నాలుగు రోజులలో ఏమి జరుగుతుందన్నది ఆగిపోయిన పదార్థమేదన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఒక రకం ఆగితే మనిషి నేలమీద పొర్లాడేంత బాధపడతాడు గాని, ఆరోగ్యవంతునికి ఆ బాధ వల్లనే ప్రాణం పోవడం అరుదు. మరొక రకం ఆగితే మొదటి రోజున నిద్రలేమి తప్ప పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు; రెండవ రోజో మూడవ రోజో హఠాత్తుగా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

మొదటిది నల్లమందు జాతి. వైద్యులు వీటిని ఓపియాయిడ్లు అంటారు. మార్ఫిన్, కోడీన్ నల్లమందులోనే ఉన్నాయి. హెరాయిన్‌ను మార్ఫిన్ నుండి తయారుచేస్తారు. వీధిలో బ్రౌన్ షుగర్ అని అమ్మేది శుద్ధి లేని హెరాయినే. ట్రమడాల్, టపెంటడాల్ అనే నొప్పి మాత్రలు ప్రయోగశాలలో పుట్టినా ఈ కుటుంబంలోనివే. కోడీన్ కలిసిన దగ్గు సిరప్ కూడా అంతే. రెండవది బెంజోడయజెపైన్ల జాతి. ఆల్ప్రజోలం, డయజెపాం, క్లోనజెపాం, లోరజెపాం, నైట్రజెపాం మొదలైనవి. ఈ జాతి తొలి మందు 1960లోను, డయజెపాం 1963లోను మార్కెట్టుకు వచ్చాయి. ఆందోళనకు, నిద్రపట్టకపోవడానికి, ఫిట్స్‌కు వైద్యులు వీటిని వ్రాస్తారు. సాధారణంగా కొద్ది వారాల కోసం వ్రాసిన చీటీతోనే కొన్ని ఇళ్ళలో ఏళ్ళు గడుస్తున్నాయి.

లక్షణాలను కంఠస్థం చేయడం కన్నా కారణాన్ని గ్రహిస్తే అవి వాటంతటవే గుర్తుంటాయి. మందు శరీరంలో ఉన్నప్పుడు ఏమి చేసిందో, ఆగినప్పుడు దానికి విరుద్ధమైనది జరుగుతుంది. నల్లమందు జాతి నొప్పిని అణచివేస్తుంది, పేగుల కదలికను మందగింపజేసి మలబద్ధకం కలిగిస్తుంది, కంటిపాపను సూదిమొనంత చిన్నదిగా చేస్తుంది. అది ఆగగానే ఒళ్ళంతా నొప్పులు, ఎముకల్లో పోటు, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు, వాంతులు మొదలవుతాయి. కంటిపాపలు విప్పారుతాయి. ముక్కు, కళ్ళు ధారగా కారుతాయి. వెంట్రుకలు నిక్కబొడుచుకొని చర్మం గగుర్పొడుస్తుంది. ఆవలింత వెంట ఆవలింత వస్తుంది. చూసినవారు తీవ్రమైన పడిశెం, జ్వరం అనుకుంటారు. హెరాయిన్ వంటివి ఆగిన 8 నుండి 24 గంటలలో ఇది మొదలై, రెండు మూడు రోజులలో తారస్థాయికి చేరి, పది రోజుల లోపు చాలావరకు తగ్గుతుంది. ఇంత బాధలోనూ మనిషి స్పృహ సాధారణంగా చెడదు. తానెక్కడున్నాడో, ఎదుట ఎవరున్నారో అతనికి తెలుసు.

బెంజోడయజెపైన్లు చేసే పని వేరు. మెదడుకు సహజంగా ఉండే కళ్ళెం ఒకటుంది. దానిని అవి మరింత బిగిస్తాయి. నెలల తరబడి ఆ బిగింపుకు అలవాటుపడిన మెదడు, మందు హఠాత్తుగా ఆగినప్పుడు కళ్ళెం తెగిన గుర్రమవుతుంది. అందుచేత ఇక్కడ బాధ కడుపులో కన్నా ఇంద్రియాలలో, మనసులో ఎక్కువగా కనిపిస్తుంది. చేతులు వణుకుతాయి, కండరాలు అదురుతాయి. గిన్నె క్రిందపడిన చప్పుడుకు ఉలిక్కిపడతారు. దీపపు వెలుతురు భరించలేరు. ఒంటిమీది దుప్పటి కూడా గుచ్చుకుంటున్నట్లుంటుంది. కారణం తోచని భయం పట్టుకుంటుంది. ఒంటిపై ఏవో ప్రాకుతున్నట్లు, గోడ కదులుతున్నట్లు తోస్తుంది. తీవ్రమైతే లేని మనుషులు కనిపించడం, మాటల్లో పొంతన తప్పడం, ఫిట్స్. ఆల్ప్రజోలం వంటివి ఆగిన ఒకటి రెండు రోజులకే ఇది ఆరంభం కావచ్చు. డయజెపాం శరీరం నుండి నిదానంగా వెళుతుంది గనుక వారం వరకు పట్టవచ్చు. అంతా బాగానే ఉందని వారం తరువాత ఊరట చెందినవారు మోసపోయేది ఇక్కడే. ఈ అవస్థ వారాల తరబడి, కొందరిలో నెలల తరబడి సాగుతుంది.

నిద్ర లేకపోవడం, చెమటలు, గుండెదడ, వికారం, చిరాకు రెంటిలోనూ ఉంటాయి గనుక వాటిని బట్టి నిర్ణయానికి రాకూడదు. కారే ముక్కు, గగుర్పాటు, విరేచనాలు ఒకవైపును చూపుతాయి. వణుకు, చప్పుడుకు బెదరడం, మతి తప్పడం, ఫిట్స్ మరొకవైపును చూపుతాయి. ఈ గీతను చెరిపివేసేది ట్రమడాల్. అది నల్లమందు జాతిదే అయినా, ఆగినప్పుడు కొందరిలో తీవ్రమైన భయాన్ని, భ్రమలను కలిగిస్తుంది. మోతాదు మించితే ఫిట్స్ కూడా వస్తాయి. రెండు జాతులనూ కలిపి మింగేవారూ ఉన్నారు. కనుక ఇంటివారి పరిశీలన వైద్యునికి సాయపడటానికే గాని, ఇంట్లోనే వైద్యం చేయడానికి కాదు. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఖాళీ స్ట్రిప్పులు, సీసాలు వెంట తీసుకువెళ్ళండి. ఆఖరి మోతాదు ఎప్పుడు వేసుకున్నదీ చెప్పండి. పరువు కోసం దాచిన ఒక్క పేరు చికిత్సను దారి తప్పిస్తుంది.

లేని మనుషులు కనిపిస్తున్నారనగానే మన ఇళ్ళలో అసర్ అనో, జిన్ను పట్టిందనో అనుకొని మౌల్వీల వద్దకు తీసుకువస్తారు. దమ్ చేయించాలనుకునేవారు ఆస్పత్రి పడక ప్రక్కన చేయించవచ్చు, ఎవరూ కాదనరు. ఫిట్స్ వచ్చిన మనిషిని మాత్రం మొదట చేర్చవలసినది ఆస్పత్రికే. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు, నిజామాబాద్ తదితర ప్రాంతాలలో ఎందరో వణుకుతూ, అసంబద్ధంగా మాట్లాడుతూ, ఫిట్స్‌తో ఆస్పత్రుల పాలయ్యారు. ఆ కల్లులో కలిపినవి ఆల్ప్రజోలం, డయజెపాం వంటివే. కల్లు మన గడప త్రొక్కదు గదా అని నిశ్చింతగా ఉండేవారు ఒకసారి దాదీ మందుల డబ్బా తెరిచి చూడాలి. ఏళ్ళుగా ప్రతి రాత్రీ ఆమె వేసుకునే చిన్న మాత్ర ఆ జాతిదే కావచ్చు. ఆమెను ఎవరూ వ్యసనపరురాలు అనరు, అనకూడదు కూడా. కాని ఆమె శరీరం ఆ మాత్రకు అలవాటుపడి ఉంటుంది. ఉమ్రా ప్రయాణంలో డబ్బా మరచిపోయినా, రమజానులో మాత్రలెందుకని తనంతట తాను మానివేసినా ప్రమాదమే. సహ్రీకి, ఇఫ్తార్‌కు తగినట్లు వేళలు మార్చడం గురించి నెల ముందే డాక్టరును అడగవచ్చు. రోగులకు ధర్మంలో సడలింపు ఉందన్న సంగతి ఆమెకు మృదువుగా గుర్తుచేయవచ్చు.

బెంజోడయజెపైన్లను మాన్పించే పద్ధతి ఒక్కటే: క్రమక్రమంగా తగ్గించడం. బ్రిటన్‌లోని న్యూకాసిల్‌లో ప్రొఫెసర్ హెదర్ ఆష్టన్ 1982 నుండి 1994 వరకు ఇటువంటి రోగుల కోసమే ఒక క్లినిక్ నడిపారు. త్వరగా దిగిపోయే మందును డయజెపాంకు మార్చి, రోగి ఓపికను బట్టి కొంచెం కొంచెంగా తగ్గించడం ఆమె అనుసరించిన మార్గం. అందుకు నెలలు పడుతుంది. నల్లమందు జాతికి బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ వంటి చికిత్సలు ఉన్నాయి. బ్యుప్రెనార్ఫిన్‌ను విరమణ బాధ మొదలైన తరువాతే ఆరంభిస్తారు. ముందే ఇస్తే బాధ ఒక్కసారిగా పెరుగుతుంది. గర్భిణి ఈ జాతి మందులను హఠాత్తుగా ఆపకూడదు. కుర్రవాని బాధ చూడలేక ఇంట్లోని నిద్రమాత్ర అతనికి ఇవ్వవద్దు. అతడు మళ్ళీ బ్రౌన్ షుగర్ తీసుకుంటే రెండూ కలిసి శ్వాసను ఆపివేయగలవు. పది రోజులు మానినవాని శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. గడియ తీసిన తరువాతి వారమే అతనికి ఎక్కువ ప్రమాదకరం.

ఫిట్స్ వస్తే మనిషిని ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా గాని, నీళ్ళు గాని పెట్టవద్దు. చేతిలో తాళపు చెవి పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. 108కి ఫోను చేయండి. మత్తు విముక్తి సలహాకు కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 14446. మానసిక ఆరోగ్య సలహాకు టెలి మానస్ 14416. రెండింటినీ ఫ్రిజ్ తలుపు మీద వ్రాసి అంటించుకోండి.