కంప్యూటరు పలికిన మగణం

తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికేవాడికి కంప్యూటరు మరమ్మతుతో ఏం పని అని మీరడగవచ్చు. మా ఆవిడ మీకంటే ముందే అడిగింది.

ఉప్పల్‌లో మేము ఇల్లు కట్టుకున్న కొత్తలో, 2011లో, కొన్న పెట్టె అది. మొన్న ఆదివారం మీట నొక్కితే తెర వెలగలేదు సరిగదా, లోపలినుంచి పొడుగ్గా ఒక కూత వచ్చింది. ఆగింది. మళ్ళీ కూసింది. మళ్ళీ.

"మూడూ గురువులే. మగణం!" అన్నాను.

"గణాలు తర్వాత లెక్కపెట్టుకుందురు గాని, ముందు దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యండి" అంది మా ఆవిడ. ఒక్క క్షణం ఆగి, "అవునూ, మామయ్యగారి రాతలన్నీ అందులోనేగా?" అంది.

నా గుండె కలుక్కుమంది. మా నాన్నగారు పోయే ముందు రెండేళ్ళపాటు ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ మా ఊరి సంగతులు టైపు చేశారు. ఆయన 2016లో పోయారు. ఇన్నేళ్ళలో ఆ రాతలకు రెండో ప్రతి తీయాలని నాకు తోచలేదు. విద్యార్థులకు మాత్రం, నోట్సు పోగొట్టుకోకండని ఏటా చెబుతూనే ఉన్నాను.

పెట్టెను ఆటోలో పెట్టుకుని హబ్సిగూడ మీదుగా నాచారం చేరాను. అదే రోడ్డున ఇంకా ముందుకు పోతే మల్లాపూర్ దాటి ఈసీఐఎల్ వస్తుంది. 1967లో పుట్టిన ఆ సంస్థ, రెండేళ్ళు తిరక్కుండానే ట్రాంబే పేరుతో టీడీసీ 12 అనే కంప్యూటరును తయారుచేసింది. అటువంటి చోట నా పెట్టెకు వైద్యుడు దొరకకపోతాడా అనుకున్నాను.

దొరికాడు. మా విద్యార్థుల వయసు కుర్రవాడు. కూత విని నవ్వాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. ఇట్ల ఒర్రుతుందంటే పానం ఉన్నట్టే. సప్పుడు చెయ్యకుంటేనే కష్టం."

ఆ కూతలకు అర్థాలున్నాయట. కొన్ని బోర్డుల్లో ఒక పొడుగు, రెండు పొట్టి కూతలు, అంటే మన భగణం, వస్తే తెరకు బొమ్మ పంపే కార్డులో లోపం. పొడుగు కూతలే వరుసగా వస్తే ర్యామ్ దోషం. బోర్డును బట్టి ఈ ఛందస్సు మారుతుంది కనుక, దానితో వచ్చిన పుస్తకం పారెయ్యకూడదు.

అతను కరెంటు తీగ ఊడదీసి, ర్యామ్ పట్టీని బయటికి తీసి, దాని బంగారు రంగు అంచును పిల్లలు వాడే రబ్బరుతో తుడిచి, మళ్ళీ బిగించాడు. తెర వెలిగింది! తేదీ మాత్రం 2011 జనవరి 1 అని ఉంది. ఆ తేదీకి మా నాన్నగారు పడక కుర్చీలో పేపరు చదువుకుంటూ ఉండి ఉంటారు.

"సెల్ అయిపోయింది సార్" అని, రూపాయి బిళ్ళంత మూడు వోల్టుల బ్యాటరీ మార్చాడు కుర్రవాడు. తేదీ తప్పితే వెబ్‌సైట్లు కూడా నమ్మకం లేదని తలుపులు మూసేస్తాయట. ఇంతకాలం నేను ఇంటర్నెట్టువాడిని తిట్టుకున్నాను!

అసలు రోగం హార్డు డిస్కుది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే ఆ పళ్ళెం అక్కడక్కడ చెడిపోయిందన్నాడు. వేరే ఏ పనీ ముట్టుకోకుండా ముందు నాన్నగారి ఫైళ్ళను బయటికి తీయమన్నాను. నలభై ఒకటిలో ముప్ఫై ఎనిమిది వచ్చాయి. మూడు రాలేదు. వాటిలో ఒకటి మా నాయనమ్మను గురించినది.

ఆ తర్వాతవన్నీ సుళువైన పనులే. తిరిగే పళ్ళెం బదులు, కదిలే భాగమే లేని ఎస్ఎస్‌డీ పెట్టించాను. అయిదు నిమిషాలకు తెరుచుకునేది ఇప్పుడు అర నిమిషానికి తెరుచుకుంటున్నది. ర్యామ్ ఎనిమిది జీబీ చేయించాను. పాత బోర్డుకు డీడీఆర్ 3 పట్టీయే కొనాలి. డీడీఆర్ 4 గాడి వేరు, ఎంత నొక్కినా దిగదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు కావలసిన భద్రతా చిప్పు మా పెట్టెలో లేదు. అందుకని ఉచితంగా దొరికే లినక్స్ వేయించాను.

ఇంటికి రాగానే ముప్ఫై ఎనిమిది ఫైళ్ళనూ రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి, ఒకటి మా చెల్లెలికి పంపాను. చెడిన భాగాలు నాచారంలో దొరుకుతాయి, చిక్కడపల్లిలోనూ దొరుకుతాయి. ఆ మూడు ఫైళ్ళు ఏ కొట్లో దొరుకుతాయి? మీ ఇంట్లోనూ ఇటువంటి పెట్టె ఉంటే, అది కూయకముందే, ఈ వారం సీరియల్ చదవడం కాస్త ఆపి ఆ పని చూడండి.

మా ఆవిడ ఒక్క మాటే అంది: "అత్తయ్యగారి సంగతులు మీ మేనత్తకు తెలియవూ? నోటుపుస్తకం పట్టుకుని వెళ్ళండి. ఆవిడకు ఎనభై ఆరు!"

వచ్చే ఆదివారం వెళ్తున్నాను.